తమ్మిలేటి దారిలో

ఏలూరు సీమలో అన్నిటికన్నా పాత ఇల్లు చూడాలంటే ఏ జమీందారు దివాణానికో పోనక్కర్లేదు. కామవరపుకోట దాటి జీలకర్రగూడెం కొండ ఎక్కాలి. గుంటుపల్లి గుహలని మనం చెప్పుకునే ఆ చోట, కొండలో గుండ్రంగా తొలిచిన చిన్న చైత్యం ఒకటుంది. మధ్యలో రాతి స్తూపం, దాని చుట్టూ మనిషి ఒక్కడు ప్రదక్షిణ చేసేంత సందు. తలెత్తి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పైకప్పు లోపలి వైపు వాసాలు, వాటిని కలుపుతూ అడ్డకర్రలు, అన్నీ వెళ్లి నడినెత్తిన ఒక్కచోట కలుస్తాయి. అన్నీ రాయే. కప్పు వేసిన గుండ్రటి పాక ఎలా ఉంటుందో అలాగే, ఒక్క వాసం కూడా వదలకుండా ఉలితో చెక్కి నిలిపారు. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటి పని ఇది. బీహారులో బరాబర్ కొండల్లోని సుదామ గుహలోనూ ఇలా పాకను రాతిలో దించిన గది ఉంది. దక్షిణాదిలో ఇంత పాతది, ఇంత చక్కగా నిలిచినది మన గుమ్మంలోనే ఉంది.

ఆనాటి జనం కాపురమున్న మట్టి గోడల్లో, ఆకు కప్పుల్లో ఒక్కటీ మనకు దక్కలేదు. వాళ్ల ఇల్లు ఎలా ఉండేదో ఈ గుహ పైకప్పే చెబుతోంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలిచారు. బౌద్ధం పోయాక కూడా ఆ గుహ పాడుపడకుండా మిగలడానికి ఆ దీపం, ఆ కొబ్బరికాయే కారణమని నేను నమ్ముతాను. కొండ మీద ఇటుకల చైత్యం, భిక్షువుల గదులు, వరుసగా పేర్చినట్టున్న మొక్కుబడి స్తూపాలు ఇంకా ఉన్నాయి. మహామేఘవాహన వంశపు సిరి సద మహారాజు పేరున్న శాసనం కూడా ఇక్కడే దొరికింది. అందులో మండపం దానమిచ్చింది రాజు కాదు, ఆయన దగ్గర లేఖకుడిగా పనిచేసిన చుళగోముడు. రాతకోతలు చూసుకునే ఒక ఉద్యోగి తన సంపాదనలోంచి కట్టించిన మండపం రెండు వేల ఏళ్ల తర్వాత కూడా అతని పేరుతో మనకు తెలుస్తోంది. ఈ కొండ మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఈ మెట్టలో కురిసిన వాన తమ్మిలేరు, రామిలేరు, గుండేరు లాంటి ఏర్లుగా పల్లానికి దిగి కొల్లేటికి చేరుతుంది. ఈ ప్రాంతపు చరిత్రను చదవడానికి ఆ నీళ్ల దారే సరైన దారి. రాజధాని, కోట, కాలువ, లోగిలి, లంక ఊరు, ఇవన్నీ ఆ వాలు వెంటే పుట్టాయి. విడివిడిగా చూస్తే ఒకటి శిథిలం, ఒకటి గుడి, ఒకటి పాత బంగళా. నీటి వెంట నడిచి చూస్తే అన్నీ కలిసి ఒకే కథ.

ఏలూరుకు ఉత్తరాన 12 కిలోమీటర్ల దూరంలో పెదవేగి. ఇదే వేంగి. శాలంకాయనులకు రాజధాని, తర్వాత తూర్పు చాళుక్యులకు రాజధాని. అలహాబాదు స్తంభం మీద సముద్రగుప్తుడు తాను గెలిచిన దక్షిణాది రాజుల వరుసలో వేంగి హస్తివర్మ పేరు చెక్కించాడు. శాలంకాయనుల కులదైవం చిత్రరథస్వామి. పొరుగునున్న దెందులూరు కూడా చిన్నది కాదు. విష్ణుకుండినుల శాసనంలో కనిపించే లెందులూరు ఇదేనని పండితులు గుర్తించారు. రైల్లో వెళ్తూ దెందులూరు స్టేషన్ బోర్డు చూసినవాళ్లలో ఎంతమందికి అది ఒక రాజు మకాం ఉన్న ఊరని తెలుసు?

ఏడో శతాబ్దంలో చాళుక్య పులకేశి ఈ నేలను గెలిచి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి అప్పగించాడు. 634 నాటి ఐహోలె శాసనంలో కవి రవికీర్తి కునాల అనే జలాశయం దగ్గర జరిగిన యుద్ధాన్ని, దాని నీళ్లు రక్తంతో రంగు మారడాన్ని వర్ణించాడు. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారులు చెబుతారు. ఆ తర్వాత కొన్నేళ్లకే చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ ఆంధ్ర దేశానికి వచ్చి రాజధాని చుట్టుకొలత 20 లీలని రాసుకున్నాడు. అది వేంగేనని ఎక్కువమంది ఒప్పుకున్నారు. బౌద్ధ తర్కవేత్త దిఙ్నాగుడు తపస్సు చేసిన కొండ ఆ నగరానికి దగ్గర్లోనే ఉందని కూడా ఆయన రాశాడు.

ఇంత పేరున్న నగరంలో నేడు చూడ్డానికి మిగిలింది దిబ్బలు. 1980వ దశకంలో పురావస్తు శాఖ దిబ్బలింగేశ్వర స్వామి గుడి దగ్గర తవ్వి ఇటుక కట్టడాల పునాదులు బయటపెట్టింది. ఊళ్లో పొలాల గట్ల మీద ఇప్పటికీ పాత ఇటుక కనిపిస్తుంది. నగరం ఎక్కడికి పోయిందని అడిగితే జవాబు ఏలూరులో ఉంది. ముస్లిం పాలకులు ఏలూరు కోట కట్టినప్పుడు వేంగి శిథిలాల రాళ్లే తెచ్చి వాడారని పాత గెజిటీర్లు రాశాయి. ఆ కోట కూడా పోయింది. ఒక ఊరిని కూల్చి ఇంకో ఊరు కట్టుకోవడం మనకు కొత్త కాదు. కాకపోతే అప్పుడు రాయి వెళ్లి రాయిగానే నిలిచింది. ఇప్పుడు పాత ఇల్లు పడగొడితే కలప ఒక దిక్కుకు, పెంకు ఒక దిక్కుకు పోతోంది.

మొగలుల నాటికి ఏలూరు ఒక సర్కారుకు కేంద్రం. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవ్ ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నాడు. మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం కుదిరింది. అలా ఏలూరు కంపెనీ చేతికి వెళ్లింది. ఆ క్లైవే ఇంగ్లండు తిరిగి వెళ్లి, సర్రీ ప్రాంతంలో క్లేర్‌మాంట్ అనే ఎస్టేటు కొని, పాత భవంతిని తీసేసి కొత్తది కట్టించాడు. అక్కడి తోట నేడు ఆ దేశపు వారసత్వ సంస్థ నేషనల్ ట్రస్టు సంరక్షణలో ఉంది. టికెట్టు కొని వెళ్లి చూడొచ్చు. వేల్సులోని పోవిస్ కోటలో క్లైవ్ కుటుంబం మన దేశం నుంచి తీసుకుపోయిన వస్తువులు వరుసగా పెట్టి ఉన్నాయి. అదీ ట్రస్టుదే. మన సర్కారు ఫర్మానా పట్టుకుపోయినవాడి తోటను వాళ్లు అంత శ్రద్ధగా ఉంచుకున్నారు. ఆ ఫర్మానాతో చేతులు మారిన ఊరి కోటకు మన దగ్గర సరైన పటం కూడా లేదు.

నేషనల్ ట్రస్టు 1895లో పుట్టింది. ఆక్టేవియా హిల్ అనే సంఘసేవిక, రాబర్ట్ హంటర్ అనే న్యాయవాది, హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే మతగురువు కలిసి పెట్టారు. మొదట వాళ్ల దృష్టి నేల మీద, మామూలు జనం తిరగగలిగే బయలు మీద. పెద్ద ఇళ్ల సంగతి తర్వాత వచ్చింది. పన్నులు కట్టలేక, నౌకర్లను పెట్టుకోలేక ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దంలో యజమానులు వెయ్యికి పైగా పల్లెటూరి భవంతులను కూల్చేశారు. 1937లో ట్రస్టు ఒక పథకం పెట్టింది. యజమాని ఇల్లు ట్రస్టుకు రాసిచ్చి తాను అందులోనే ఉండొచ్చు, జనాన్ని మాత్రం చూడనివ్వాలి. 2020లో అదే ట్రస్టు తన దగ్గరున్న ఇళ్లలో ఏవి బానిస వ్యాపారంతో, వలస పాలనతో ముడిపడ్డాయో ఒక నివేదికలో బయటపెట్టింది. ఇల్లు కాపాడటమంటే యజమానిని పొగడటం కాదని అక్కడ ఒప్పుకున్నారు. ఈ మాట మన జమీందారీ ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలా అవసరం.

మళ్లీ మన ఊరికి వస్తే, ఏలూరులో తివాచీల నేత ఇంకా ఉంది. తంగెళ్లమూడి వైపు మగ్గాల ముందు కూర్చున్నవాళ్ల పూర్వీకులు పర్షియా నుంచి వచ్చినవాళ్లని చెబుతారు. పట్టణపు పాత వీధుల్లో ఈ పనితనానికి దొరికిన చోటు ఎంతో, దాని చరిత్రకు పుస్తకాల్లో దొరికిన చోటు అందులో పదో వంతు కూడా కాదు.

ఇక కాలువ. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. మరి మూడేళ్లకు బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట. గోదావరి నీళ్లతో ఒక కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా పడమటికి, కృష్ణ నీళ్లతో ఇంకో కాలువ తూర్పుకి వచ్చి ఏలూరులో ఎదురుపడ్డాయి. రెండు నదుల నీళ్లూ ఒక ఊళ్లో కలిశాయి. 1893లో రైలు వచ్చేదాకా ఈ కాలువే రహదారి. ధాన్యం, బెల్లం, ఉప్పు, పెళ్లివారు, నాటక సమాజాలు, అందరూ పడవల్లోనే. లాకుల దగ్గర పడవ ఆగితే నీళ్లు సమానమయ్యేదాకా గట్టు మీద వంట చేసుకునేవాళ్లు. లాకు తలుపులు తిప్పే లస్కర్లు, గట్టు మీద చింతచెట్లు, ఇంజనీర్ల కోసం కట్టిన ఇరిగేషన్ బంగళాలు, ఇవన్నీ కలిస్తేనే ఆ కాలపు పల్లె దృశ్యం.

తాడేపల్లిగూడెం వైపు నందమూరు దగ్గర పాత అక్విడెక్టు చూడండి. కొండల నుంచి దూసుకొచ్చే ఎర్రకాలువ కింద నుంచి పోతుంది, ఏలూరు కాలువ దాని మీదుగా నడుస్తుంది. అడ్డం వచ్చిన ఏరును ఆపకుండా దారి ఇచ్చి, తన దారి తాను చూసుకున్న కట్టడం. ఎర్రకాలువ పొంగిన ప్రతిసారీ పేపర్లలో దాని పేరు వస్తుంది, పొలాలు మునిగాయని. దాన్ని చూడ్డానికని ఎవరూ వెళ్లరు. 2008లో కేంద్రం ఈ కాలువను 4వ జాతీయ జలమార్గంలో చేర్చింది. పడవలు మాత్రం తిరిగి రాలేదు. అదే తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన విమానాల రన్‌వే ఉంది. జపాను బర్మా దాకా వచ్చి, 1942 ఏప్రిల్లో కాకినాడ, విశాఖల మీద బాంబులు పడిన కాలం అది. ఊరి పెద్దవాళ్ల దగ్గర ఆ రోజుల కబుర్లు ఇంకా దొరుకుతాయి. ఎవరైనా రాసుకోవాలి.

కాలువ నీళ్లు తెచ్చిన వరి డబ్బే మండువా లోగిళ్లుగా మారింది. గోదావరి డెల్టాలో పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన ఈ ఇళ్లు వాన కోసం కట్టిన ఇళ్లు. నాలుగు వైపులా పెంకు కప్పు లోపలికి వాలి ఉంటుంది. నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా. వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ అందులోకే దిగి, తూము గుండా పెరట్లోకి వెళ్లిపోతాయి. ఎండాకాలం వేడిగాలి పైకి పోతుంది, వసారాల్లో చల్లగా ఉంటుంది. చుట్టూ కలప స్తంభాలు. గోదావరి మీద తెప్పలు కట్టి దించిన భద్రాచలం టేకు కొంత, రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన బర్మా టేకు కొంత. వీధి గుమ్మానికి రెండు వైపులా అరుగులు. దారిన పోయేవాడు రాత్రికి అక్కడ నడుం వాల్చడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ద్వారబంధం మీద లతలు, చిలకలు, మధ్యన గజలక్ష్మి. పనిచేసిన వడ్రంగి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

నూజివీడు వెళితే జమీందారీ స్థాయి కనిపిస్తుంది. మేకా వారి సంస్థానం అది. ఆ వంశపు ధర్మ అప్పారావు ద్వారకా తిరుమలలో గోపురాలు, మండపాలు, ప్రాకారం కట్టించాడు. మైలవరం రాణి చిన్నమ్మారావు స్వామికి బంగారు వాహనాలు చేయించింది. వారసుల తగవులతో సంస్థానం ముక్కలైంది. ఒక ముక్క మీర్జాపురం. ఆ మీర్జాపురం రాజావారే మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపి 1949లో 'కీలుగుర్రం' తీశారు. ఆయన భార్య కృష్ణవేణి అదే ఏడు 'మనదేశం' నిర్మించారు. ఎన్టీ రామారావు మొదటిసారి తెర మీద కనిపించింది అందులోనే. నూజివీడు మామిడి గురించి, పనస చెక్కతో చేసే నూజివీడు వీణల గురించి నలుగురికీ తెలుసు. ఆ తోటలకు, ఆ వడ్రంగులకు ఆసరా ఇచ్చిన దివాణాల గురించి తెలిసినవాళ్లు తక్కువ.

జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. రావలసిన చట్టమే, ఆలస్యంగా వచ్చింది. ఈ ఇళ్ల వెనక రైతు కట్టిన శిస్తు ఉంది, వెట్టి ఉంది. దాన్ని దాచి ఈ భవనాలను వర్ణించడం నాకు ఇష్టం లేదు. కానీ ఇల్లు కట్టింది జమీందారు ఒక్కడే కాదు. ఇటుక కాల్చినవాళ్లు, సున్నం గానుగ తిప్పినవాళ్లు, దూలం ఎత్తినవాళ్లు, చిత్రిక పట్టినవాళ్లు ఉన్నారు. ఇల్లు పోతే జమీందారు పేరు ఏదో ఒక శిలాఫలకం మీద మిగులుతుంది. మిగతావాళ్లు పూర్తిగా పోతారు.

ఇప్పుడు ఈ ఇళ్లకు ఎదురయ్యే కష్టం మామూలు కష్టమే. వాటాలు పంచుకున్న అన్నదమ్ములు ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో. ప్రతి వానాకాలానికి ముందు పెంకు సర్దించాలి, ఆ పని తెలిసినవాళ్లు దొరకరు. ఒక చోట కారితే దూలం చివికిపోతుంది. పాత కలప కొనేవాడు వచ్చి స్తంభాలకు, తలుపులకు ధర చెబుతాడు. అక్కడితో అయిపోతుంది. అమ్మినవాళ్లను తప్పుపట్టలేను, నిలబెట్టుకోవడానికి వాళ్లకు ఎవరూ చేయి అందించలేదు. పురావస్తు చట్టాలు గుంటుపల్లి లాంటి వాటి కోసం రాసినవి. జనం కాపురమున్న వందేళ్ల లోగిలి వాటిలోకి రావడం అరుదు.

నీళ్ల దారి చివర కొల్లేరు. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలుగా చీలి పట్టణాన్ని చుట్టి సరస్సులోకి దిగుతుంది. పడమటి నుంచి బుడమేరు వస్తుంది. అన్ని ఏర్లూ, డ్రెయిన్లూ వచ్చి చేరే ఈ సరస్సుకు సముద్రం వైపు ఉన్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఆ ఉప్పుటేరు మీదే ఒక కథ ఉంది. కొల్లేటికోటలో ఒడ్డె గజపతుల కోట ఉండేదట. శత్రువులు చిగురుకోటలో దిగి, చుట్టూ నీళ్లుంటే కోట పట్టలేమని తెలిసి, సరస్సును సముద్రంలోకి వదలడానికి కాలువ తవ్వడం మొదలుపెట్టారట. గెలుపు కోసం ఒడ్డె సేనాని తన కూతురినే బలి ఇచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాల కనమ అని పేరొచ్చిందని జనం చెప్పుకుంటారు. కొల్లేటికోట గుడిలోని పెద్దింట్లమ్మ నేడు ఈ లంకలన్నిటికీ ఇలవేల్పు. ఫాల్గుణంలో జాతర. ఒకప్పుడు తాటిదోనెల మీద వెళ్లేవారు, ఇప్పుడు రోడ్డుంది.

ఇంగ్లండుకు కూడా ఇలాంటి నేల ఒకటి ఉంది. కేంబ్రిడ్జి చుట్టుపక్కల ఫెన్స్ అనే చిత్తడి మైదానాన్ని పదిహేడో శతాబ్దంలో డచ్చి ఇంజనీరు వెర్ముయ్‌డెన్‌ను పిలిచి ఎండగట్టారు. పంటలు బాగా పండాయి. తడి పోయిన నల్లమట్టి మాత్రం కుంగిపోవడం మొదలుపెట్టింది. హోమ్ అనే చోట 1851లో ఒక ఇనుప స్తంభాన్ని తల నేలకు సమానంగా ఉండేలా పాతారు. ఇప్పుడది సుమారు 4 మీటర్లు పైకి తేలి ఉంది. స్తంభం పెరగలేదు, నేల దిగింది. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో పాతిన స్తంభం అది. 1899లో నేషనల్ ట్రస్టు ఆ ప్రాంతంలో మిగిలిన వికెన్ ఫెన్ అనే చిత్తడిలో రెండెకరాలు కొంది. ట్రస్టుకు అదే మొదటి ప్రకృతి సంరక్షణ స్థలం. ఇవాళ అది ఎన్నో రెట్లు విస్తరించింది.

కొల్లేరు చరిత్ర ఎదురు దిక్కున నడిచింది. 1970వ దశకంలో సహకార సంఘాల పేరున సరస్సు గర్భంలో చేపల చెరువులకు ప్రభుత్వమే దారి తీసింది. తర్వాత పెద్ద పెట్టుబడి వచ్చి గట్లు లేచాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పేల్చారు. కాంటూరు తగ్గించాలన్న పోరు మాత్రం ఆగలేదు. లంక గ్రామాల జనానిది నిజమైన ఆకలి, వలలూ మావులూ వేసుకుని బతికిన కుటుంబాలవి. వాళ్ల పేరు చెప్పి గట్లు కట్టినవాళ్లది వేరే లెక్క. ఈ రెండిటినీ కలిపి మాట్లాడినంత కాలం పరిష్కారం దొరకదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఆ నీళ్లు చేరాల్సింది ఈ సరస్సులోకేనని, సరస్సు ఇరుకైతే ఎగువన ఉన్న ఊళ్లన్నిటికీ ఇబ్బందేనని అందరికీ మళ్లీ తెలిసొచ్చింది.

గుంటుపల్లి, పెదవేగి, నందమూరు, నూజివీడు, కొల్లేటికోట, ఈ వరుసలో చూడాల్సినవి చెప్పుకుంటూ పోతే కొల్లేటి చాంతాడే. శీతాకాలం మంచిది. ఆటపాక దగ్గర గూడబాతులు కూడా కనిపిస్తాయి. అయితే చూసి రావడంతో సరిపెట్టుకోవద్దని నా మనవి. ఇంగ్లండులో 1940లో, జర్మన్ విమానాలు ఊళ్ల మీద బాంబులు వేస్తున్నప్పుడు, కొందరు కెమెరాలు పట్టుకుని బయల్దేరారు. కూలిపోయేలోగా వీలైనన్ని పాత కట్టడాలను ఫొటో తీసి, కొలిచి ఒక రికార్డు తయారుచేశారు. యుద్ధమయ్యాక ఏ భవనాన్ని కాపాడాలో నిర్ణయించడానికి ఆ రికార్డు పనికొచ్చింది. మనకు బాంబులు లేవు, ప్రతి ఇంట్లో కెమెరా ఉంది.

మీ ఊళ్లో మండువా ఇల్లు ఉంటే, అది మీదైనా కాకపోయినా, యజమానిని అడిగి సెలవుల్లో ఫొటోలు తీయండి. మండువా పొడవు వెడల్పులు, స్తంభాల లెక్క, ద్వారబంధం మీద చెక్కిన తేదీ రాసుకోండి. ఎవరు కట్టారు, వడ్రంగి ఏ ఊరివాడు, కలప ఎక్కడిది, ఇంట్లో పనిచేసినవాళ్లు ఎవరు, ఇవన్నీ తెలిసిన పెద్దావిడ ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఆవిడ మాటలు రికార్డు చేయండి. ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయంలో, ఒక ప్రతి దగ్గర్లోని కళాశాల చరిత్ర విభాగంలో ఇవ్వండి. కాలువ గట్టు మీద పాత లాకు ఉన్నా, ఇరిగేషన్ బంగళా ఉన్నా ఇదే పని చేయండి. ఇల్లు అమ్మక తప్పదనుకున్నవాళ్లు కూడా, కలప కొనేవాడు లారీ తెచ్చే ముందు ఈ పని పూర్తి చేయండి.